అన్నయ్యను దీవించు ప్రభువా… నిజంగానేనా?

మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన అని ఒకటి ఉంటుంది. మా నాన్న పెట్టిన అలవాటు. ఒక పాట, బైబిల్లో ఒక అధ్యాయం, ఆ తర్వాత అయినవాళ్లందరి పేర్లూ వరసబెట్టి చెప్పి ఒక ప్రార్థన. మొత్తం కలిపి పదిహేను నిమిషాలు. టీవీలో ఏదైనా మంచి మ్యాచి వస్తుంటే ఏడు నిమిషాలు :)

2020లో, అదే లాక్‌డౌన్ రోజుల్లో, ఒక రాత్రి ప్రార్థన ముగించి ఆమెన్ అనగానే మా అమ్మాయి (అప్పటికి దానికి ఎనిమిదేళ్లు) అడిగింది: "నాన్నా, రోజూ పెదనాన్నని దీవించమని దేవుణ్ణి అడుగుతావు కదా, మరి పెదనాన్న ఫోన్ చేస్తే ఎత్తవేం?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ "నీకెందుకే పెద్దవాళ్ల విషయాలు, పోయి పడుకో" అని దాన్ని లోపలికి పంపేసింది. నేను మాత్రం ఆ రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నాను. పిల్ల అడిగింది చిన్న ప్రశ్నే. కానీ ఏడాదిగా నేను చేస్తున్న ప్రార్థన మొత్తం ఒక్క దెబ్బతో బయటపడిపోయింది.

కాస్త వెనక్కి వెళ్లాలి. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. నాన్న బడి మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పొదుపు చేసి కొన్నది ఎకరంన్నర మాగాణి. మేమిద్దరం అన్నదమ్ములం. అన్నయ్య డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. నేను ఎమ్సీయే చదివి హైదరాబాదొచ్చి సాఫ్ట్‌వేరులో పడ్డాను. 2017లో నాన్నకి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. 2019 జులైలో పోయారు. జ్ఞాపకార్థ కూడిక జరిగిన రోజున తెలిసింది నాకు, పోవడానికి ఆరు నెలల ముందే పొలం మొత్తం అన్నయ్య పేరున సెటిల్‌మెంటు దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించారని.

"నాన్నే రాశారు" అన్నాడు అన్నయ్య. "మంచంలో ఉన్న మనిషి చేత రాయించుకున్నావు" అన్నాను నేను. చుట్టాలందరి ముందూ. ఇంకా చాలా మాటలు అనుకున్నాం, అవన్నీ ఇక్కడ రాయను. తెలిసిన లాయరుని అడిగితే, స్వార్జితం కాబట్టి ఆయన ఇష్టమొచ్చినవాళ్లకి రాసివ్వచ్చు, కేసు వేసినా నిలవదు అన్నాడు. అంతటితో మాటల్లేవు. ఇది డబ్బు సంగతి కాదు, న్యాయం సంగతి అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. డబ్బు సంగతి కూడా.

ఇదంతా జరిగాక కూడా రాత్రి ప్రార్థనలో అన్నయ్య పేరు తీసెయ్యలేదు. తీసేస్తే మా ఆవిడకి, పిల్లకి తెలిసిపోతుందని. అందుకని "ప్రభువా, అన్నయ్యను, వదినను, వారి పిల్లలను దీవించుము" అని యథావిధిగా చెప్పేవాణ్ణి. చెప్తున్నప్పుడు కడుపులో మంట మండేది. నోరు మాత్రం తన దారిన తాను పోయేది.

మా వృత్తిలో వాళ్లకి ఈ పరిస్థితి బాగా తెలుసు. ప్రతి శుక్రవారం క్లయింటుకి స్టేటస్ రిపోర్టు పంపుతాం. అందులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులుంటాయి. ప్రాజెక్టు మునిగిపోతోందని టీములో చివరి కుర్రాడికి కూడా తెలుసు. కానీ రిపోర్టులో అన్నీ ఆకుపచ్చే. మరీ మనస్సాక్షి పొడిస్తే ఒక్క చోట పసుపు. నిజం చెప్తే ఏమవుతుందో అన్న భయం ఒకటి, ఎలాగో సర్దుకుంటుందిలే అన్న ఆశ ఒకటి. నా ప్రార్థన కూడా సరిగ్గా అలాంటి రిపోర్టే. తేడా ఏమిటంటే, క్లయింటుకి లోపలి సంగతి తెలియకపోవచ్చు. ఇక్కడ వినేవాడికి సర్వర్లో ఏముందో ముందే తెలుసని నమ్మినవాణ్ణి నేను! అయినా ఆకుపచ్చే పంపుతున్నాను.

ఇందులో మన తెలుగు ప్రార్థనల భాషకి కూడా కొంత పాత్ర ఉందని నాకనిపిస్తుంది. చర్చి వాతావరణంలో పెరిగినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. బజార్లో, ఆఫీసులో, ఇంట్లో ఒక తెలుగు మాట్లాడతాం. కళ్లు మూసుకోగానే వేరే తెలుగు వచ్చేస్తుంది. "అనుగ్రహించుము", "మమ్మును", "వందనములు చెల్లించుచున్నాము". పాత బైబిలు అనువాదం నుంచి తరతరాలుగా వచ్చిన భాష అది. నాకు ఆ భాషంటే ప్రేమే. మా నాన్న గొంతు గుర్తొస్తుంది అందులో. కానీ ఆ భాషలో "వాణ్ణి చూస్తే ఒళ్లు మండిపోతోంది" అని చెప్పడం ఎలా? నోరు తిరగదు. అందుకని అలాంటివి ప్రార్థనలోకి రావు. వచ్చేవన్నీ శుభ్రంగా ఇస్త్రీ చేసి మడత పెట్టినవే.

సరే, అసలు విషయానికొద్దాం.

ఆస్తిలో నా వాటాకి వచ్చింది నాన్న బైబిలు ఒక్కటే. అమ్మ ఇచ్చింది. నల్ల అట్ట, వెన్ను దగ్గర కుట్టు ఊడి ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టక దాన్ని తీశాను. భక్తితో అని అబద్ధం చెప్పను, ఫోన్ ఛార్జింగులో ఉంది. తీయగానే అది కీర్తనల దగ్గర తెరుచుకుంది. 23, 91, 121 కీర్తనలున్న పేజీలు వేళ్ల మరకలతో నల్లబడి ఉన్నాయి. మనందరికీ కంఠతా వచ్చేవి అవే కదా. పేజీలు తిప్పుతుంటే 55వ కీర్తన కనబడింది. ఇంతకుముందు చదివే ఉంటాను. కానీ చదవడం వేరు, తగలడం వేరు.

దావీదు పేరున ఉన్న ఆ కీర్తనలో సంగతి ఇదీ: నన్ను నిందించినవాడు శత్రువైతే ఓర్చుకునేవాణ్ణి, దాక్కునేవాణ్ణి. కానీ నువ్వు నా చెలికాడివి, ఇద్దరం కలిసి దేవుడి మందిరానికి నడిచి వెళ్లినవాళ్లం అని వాపోతాడు. వాడి మాటలు వెన్నలా ఉంటాయి, లోపల యుద్ధం ఉంటుంది అంటాడు. పావురంలా రెక్కలుంటే ఎక్కడికైనా ఎగిరిపోయేవాణ్ణి అంటాడు. మధ్యలో ఒకచోట, వాళ్లు బతికుండగానే పాతాళానికి దిగిపోవాలని కూడా కోరుకుంటాడు. కొడుకు అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు అతని పక్షం చేరిన అహీతోపెలు అనే సలహాదారుని తలుచుకుని ఇది రాసి ఉంటాడని చాలామంది వ్యాఖ్యాతలు అనుకుంటారు. ఎవరి గురించైనా కానీండి. నేనూ అన్నయ్యా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే ఒకే సైకిలు మీద చర్చికి వెళ్లేవాళ్లం. అన్నయ్య తొక్కేవాడు, నేను వెనక క్యారేజీ మీద పాటల పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

నన్ను ఆశ్చర్యపరిచింది అందులోని బాధ కాదు, కోపం. ఇది బైబిల్లో ఉందా? ఇలా మాట్లాడొచ్చా? నలభై ఏళ్లు చర్చికి వెళ్లి ఈ ప్రశ్న వేసుకున్నానంటే తప్పు నాదేననుకోండి. ఆ తర్వాత కొన్ని నెలలపాటు రోజుకొకటి చొప్పున కీర్తనలు వరసగా చదివాను. ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది, పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని లెక్కలు కూడా రాసుకున్నాను.

మొత్తం 150 కీర్తనలు. వాటిని అయిదు పుస్తకాలుగా విభజించారు. దావీదు పేరున ఉన్నవి 73, ఆసాపు పేరున 12. మోషే పేరున ఒకటి ఉంది, అది 90వది. అన్నిటికన్నా చిన్నది 117, రెండే వచనాలు. పెద్దది 119, అందులో 176 వచనాలు. హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాలకీ ఎనిమిదేసి చొప్పున. ఈ పుస్తకాన్ని హెబ్రీలో 'తెహిల్లీమ్' అంటారు, అంటే స్తుతులు. మన వాళ్లు 'కీర్తనలు' అన్నారు. పేరు చూసి అన్నీ పొగడ్తలే అనుకుంటాం. లోపల చూస్తే మూడో వంతుకి పైగా విలాపాలే! దేవుడా ఎక్కడున్నావు, ఎందుకు ఊరుకున్నావు, ఇంకెన్నాళ్లు అన్న పాటలు. 13వ కీర్తన చూడండి, ఆరే ఆరు వచనాలు. మొదటి రెండింట్లోనే ఎంతకాలం అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. 44వ కీర్తనలో ఏకంగా దేవుణ్ణి నిద్ర లెమ్మంటారు. 73లో ఆసాపు, దుర్మార్గులు ఒళ్లు చేసి హాయిగా తిరుగుతుంటే చూసి కుళ్లుకున్నానని, కాలు జారబోయిందని ఒప్పుకుంటాడు. మన సాక్ష్యాల కూటాల్లో ఎవరైనా లేచి "నేను పక్కింటివాడి కారు చూసి కుళ్లుకున్నాను" అని చెప్పడం మీరెప్పుడైనా విన్నారా?

ఇంకో సంగతి. ఈ విలాపాల్లో చాలావాటికి పైన ప్రధాన గాయకుడి పేర ఒక సూచన ఉంటుంది. 13కి ఉంది, 55కి ఉంది, 88కి కూడా ఉంది. అంటే ఇవి ఎవరో చీకట్లో రాసుకుని దిండు కింద దాచుకున్న డైరీలు కావు. గుడిలో గాయక బృందానికి అప్పగించిన పాటలు. నలుగురిలో నిలబడి దేవుడితో "నువ్వెందుకు దూరంగా నిలబడ్డావు" అని అడగడం అక్కడ ఆరాధనలో భాగం. మనం ఆ భాగాన్ని చల్లగా వదిలేశాం. 2025లో కన్నుమూసిన వాల్టర్ బ్రూగమన్ అనే అమెరికా పండితుడు ఈ విషయం మీద చాలా రాశారు. విలాపాన్ని తీసేస్తే మనిషికీ దేవుడికీ మధ్య మిగిలేది ఊఁ కొట్టడం మాత్రమేనని, అది నిజమైన సంబంధం కాదని ఆయన వాదన. బాసు ముందు తలూపే ఉద్యోగికి బాసుతో ఎంత సంబంధం ఉంటుందో అంత.

చర్చికి వెళ్లని మిత్రులకి ఇదంతా కొత్తగా ఉండకపోవచ్చు. తెలుగువాళ్లకి దేవుణ్ణి నిలదీయడం కొత్తేమీ కాదు. కంచర్ల గోపన్న గోల్కొండ ఖైదులో ఉండి రాముణ్ణి ఏమేమన్నాడో మనందరికీ తెలుసు. నీకు చేయించిన నగలకి నా డబ్బెంత పోయిందో చూడు అని పద్దు చదివినట్టు చదివాడు. ఆ వెంటనే, దెబ్బలు తాళలేక తిట్టాను, ఏమనుకోకు అని కూడా చెప్పుకున్నాడు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం మొత్తం శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి వెక్కిరిస్తూ సాగుతుంది. దాన్ని నిందాస్తుతి అంటాం. అంటే పైకి నింద, లోపల స్తుతి. కీర్తనల్లోని విలాపం మాత్రం దీనికి కాస్త వేరు. అక్కడ నింద ముసుగు కాదు, నిజంగానే నింద. ఆ లెక్కన శతకంకన్నా గోల్కొండ ఖైదే కీర్తనలకి దగ్గర. గోపన్నని పాడుకునే ఊళ్లలో పెరిగి కూడా, నా దేవుడితో మాట్లాడేటప్పుడు మాత్రం నేను వినయంగా చేతులు కట్టుకుని అబద్ధాలు చెప్పాను.

ఇక ప్రార్థన సంగతి. చదవడం వల్ల ప్రార్థన రాదు, ఈత పుస్తకం చదివితే ఈత రానట్టే. బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టరు 1940లో కీర్తనల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. పిల్లవాడు తండ్రి మాట్లాడగా విని మాటలు నేర్చుకుంటాడు, ప్రార్థన కూడా అలాగే నేర్చుకోవాలి అంటాడు అందులో. హృదయంలోంచి దానంతటదే పొంగుకొస్తుందనుకోవడం పొరపాటట. ఆ మాట నాకు నచ్చింది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. అందరూ పడుకున్నాక ఒక కీర్తన మెల్లగా పైకి చదవడం. తర్వాత అదే క్రమంలో నా సంగతి నా మాటల్లో చెప్పడం. అంటే, అతను దేవుణ్ణి పిలిచిన చోట నేనూ పిలవాలి, ఫిర్యాదు చేసిన చోట ఫిర్యాదు చెయ్యాలి, అడిగిన చోట అడగాలి. చెప్పేది మాత్రం నేను ఆఫీసు క్యాంటీన్లో మాట్లాడే తెలుగులో.

మొదటి రోజు అయిదు నిమిషాలు నోరు పెగల్లేదు. గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గేసింది. చివరికి ఇలా వచ్చింది: "ప్రభువా, అన్నయ్యంటే నాకు అసహ్యంగా ఉంది. వాడు బాగుపడితే చూడలేను. మొన్న కొట్లో నష్టం వచ్చిందని తెలిస్తే సంతోషమేసింది. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. నీమీద కూడా కోపంగానే ఉంది." అంతే. ఆమెన్ కూడా అనలేదు. పైకప్పు విరిగి మీద పడలేదు. ఏడాది తర్వాత ఆ రాత్రి గాఢంగా నిద్రపోయాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నిజం చెప్పాలంటే కీర్తనల్లో కొన్ని శాపాలు చదవడానికే భయంకరంగా ఉంటాయి. 109 మొత్తం అదే. 137 చివర బబులోను పసిపిల్లల గురించి కోరుకున్న కోరిక ఎవరి ముందూ పైకి చదవలేం. కాథలిక్కులు రోజువారీ ప్రార్థనల పుస్తకాన్ని రెండో వాటికన్ సభ తర్వాత సవరించినప్పుడు 58, 83, 109 కీర్తనల్ని పూర్తిగా పక్కన పెట్టారు. సి. ఎస్. లూయిస్ 1958లో కీర్తనల మీద రాసిన పుస్తకంలో వీటి గురించి తన ఇబ్బందిని దాచుకోలేదు. వీటిని చూపించి "నా శత్రువుని నాశనం చెయ్యి" అని పేరుపెట్టి ప్రార్థించేవాళ్లని, దాన్ని నలుగురికీ వాట్సాపులో పంపేవాళ్లని కూడా చూశాను. అది నిజాయితీ కాదు, ప్రార్థన పేరుతో చేసే గొడవ.

నాకు అర్థమైనంతలో తేడా ఇది. శాపం పెట్టిన కీర్తనకారుడు కత్తి తీసుకుని బయల్దేరలేదు. తన చేతిలో ఉన్న పగని దేవుడి ముందు పెట్టి, ఇదీ నా దగ్గరున్నది అన్నాడు. పెట్టిన తర్వాత దాన్ని ఏం చెయ్యాలో ఆయన ఇష్టం. బగ్ రిపోర్టు రాసినవాడే కోడు మార్చేసి ప్రొడక్షన్లోకి నెట్టెయ్యకూడదు కదా, అలాగన్నమాట. రిపోర్టు మాత్రం ఉన్నదున్నట్టు రాయాలి. అయితే రిపోర్టు నిజాయితీగా రాసినంత మాత్రాన తప్పు ఎదుటివాడి కోడులోనే ఉందని రుజువైపోదు. ఈ రెండో సంగతి నాకు 139వ కీర్తన దాకా తెలిసి రాలేదు.

139 అందరికీ ఇష్టమైన కీర్తనే. నేను కూర్చోవడం లేవడం నీకు తెలుసు, ఆకాశానికెక్కినా పాతాళంలో పడుకున్నా నువ్వు అక్కడ ఉన్నావు అని సాగుతుంది. మొత్తం 24 వచనాలు. మా చర్చిలో దీన్ని చదివినప్పుడు 18 దాకా చదివి, అక్కణ్ణుంచి 23కి దూకేవారు. మధ్యలో నాలుగు వచనాలు ద్వేషం. నీ శత్రువులంటే నాకు పూర్తి ద్వేషం, వాళ్లని చంపెయ్యి అన్న ధోరణి. అంత అందమైన పాటలో ఈ మరకేమిటని దాటేస్తారు కాబోలు. కానీ దాటేస్తే అసలు సంగతే పోతుంది. ఆ ద్వేషమంతా కక్కేశాక, వెంటనే, ఊపిరి కూడా తీసుకోకుండా, దేవా ఇప్పుడు నన్ను పరిశోధించు, నాలో ఏదైనా చెడ్డ దారి ఉందేమో చూడు అంటాడు. వేలు అటు చూపించిన మనిషి చటుక్కున ఇటు తిప్పుకున్నాడు. ద్వేషం సంగతి చెప్పకుండా దాటేసినవాడికి ఈ తిప్పుకోవడం రాదు. నాకు ఏడాదిపాటు రాలేదు. నేను అన్నయ్యను దీవిస్తున్నాను కదా, ఇక నాలో వెతకడానికేముంది?

ఆ రాత్రి నేనూ అడిగాను, నాలో ఏముందో చూపించమని. ఇలాంటివి అడిగేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలి సుమా.

రెండు మూడు రోజుల తర్వాత నాన్న బైబిల్లో మళ్లీ 88వ కీర్తన దగ్గరికొచ్చాను. ఇది కోరహు కుమారుల కీర్తన, ఎజ్రాహీయుడైన హేమాను పేరున ఉంది. కీర్తనలన్నిటిలోకీ చీకటిది ఇదే. మిగతా విలాపాలు ఎలా మొదలైనా, చాలావరకు చివరికొచ్చేసరికి కొంచెం వెలుతురు కనిపిస్తుంది. ఇందులో అదీ లేదు. హెబ్రీలో చిట్టచివరి మాట కూడా చీకటే. మొదటిసారి చదివినప్పుడు గమనించలేదు గానీ, ఆ పేజీ అంచున పెన్సిలుతో సన్నగా ఒక తేదీ ఉంది. 12-11-2018. నాన్న చేతిరాత.

నాన్న ఎప్పుడూ ఇలాంటి మాటలు మాట్లాడిన మనిషి కాదు. ఫోన్ చేస్తే "అంతా క్షేమం నాన్నా, దేవుడు చల్లగా చూస్తున్నాడు" అనేవారు. ఆయన కూడా నాకు ఆకుపచ్చ రిపోర్టులే పంపారన్నమాట. ఆ రోజున డయాలసిస్‌కి వెళ్లొచ్చి చదివారో, బెడ్డు మీద ఉండగా చదివారో నాకు తెలియదు. దేవుడికి మాత్రం నిజమే చెప్పారు. ఆ కీర్తన చివర్లో, దగ్గరివాళ్లని, స్నేహితుల్ని నాకు దూరం చేశావని ఒక మాట వస్తుంది. తేదీ సరిగ్గా దాని పక్కన ఉంది.

2018 నవంబరులో నేను అమెరికాలో ఆన్‌సైట్‌లో ఉన్నాను. 2018 మార్చి నుంచి 2019 ఏప్రిల్ దాకా, పద్నాలుగు నెలలు. క్రిస్మస్‌కి రమ్మని నాన్న అడిగారు. రిలీజు ఉంది, కుదరదన్నాను. రిలీజు ఉన్నమాట నిజమే. అడిగితే సెలవు ఇచ్చేవాళ్లన్నది కూడా నిజమే. టిక్కెట్టు ధర చూసి అడగలేదు. డబ్బు మాత్రం నెలనెలా పంపాను. దాన్ని నా లెక్కల్లో చాలా పెద్దగా రాసుకున్నాను. ఆ రెండేళ్లూ వారానికి మూడుసార్లు, పొద్దున్నే నాన్నని కారెక్కించుకుని గుంటూరు తీసుకెళ్లి, నాలుగేసి గంటలు బయట బెంచీ మీద కూర్చుని, మళ్లీ ఇంటికి తీసుకొచ్చింది ఎవరు? కొట్టు ఎందుకు దెబ్బతింది? మనిషి సగం రోజులు కొట్లో లేకపోతే దెబ్బతినదా? ఈ ప్రశ్నలు అంతకుముందు ఎవరూ నన్ను అడగలేదని కాదు. వదిన ఒకసారి అడిగింది, నేను ఫోన్ పెట్టేశాను.

అన్నయ్య చేసింది సరైనదని ఇప్పటికీ అనను. నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. కానీ నేను కోర్టులో నిలబెట్టిన కథలో ఒక సాక్షి తక్కువయ్యాడు, ఆ సాక్షిని నేనే. 51వ కీర్తన దావీదు తన తప్పు ఒప్పుకున్నది. ఊరియా భార్య విషయంలో నాతాను ప్రవక్త వచ్చి నిలదీశాక. దాన్ని మేము చర్చిలో ప్రతి సంస్కారపు ఆదివారం చదివేవాళ్లం. అంత అలవాటైన కీర్తనని మొదటిసారి నాకోసం చదువుకున్నాను.

2021 డిసెంబరులో ఊరెళ్లాం. వెళ్లేముందు నేనే ఫోన్ చేశాను. ఫోన్లో అమ్మ బీపీ మాత్రల గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చి బయట వేపచెట్టు కింద నిలబడి ఉండగా చెప్పాను, "అన్నయ్యా, నాన్న రమ్మన్నప్పుడు నేను రాలేదు. నువ్వొక్కడివే మోశావు. తప్పయిపోయింది." ముందుగా తయారు చేసుకున్న వాక్యాలు ఇంకా ఉన్నాయి గానీ గొంతు పట్టేసింది. అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. కాసేపు చెప్పులతో మట్టి గీకుతూ నిలబడి, "ఒరేయ్, ముందు ఇంటికి పద, వదిన ఎదురుచూస్తుంటది" అన్నాడు.

పొలం సంగతి ఆ రోజు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. దస్తావేజు ఇప్పటికీ అలాగే ఉంది. సినిమాల్లోలాగా అన్నయ్య కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టలేదు, నేను వద్దని తోసెయ్యలేదు. ఊరెళ్లినప్పుడు ఆ పొలం గట్టు మీద నడుస్తుంటే ఇప్పటికీ ఒక చోట ముల్లు గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నప్పుడు ఆ రాత్రి ఆ ముల్లు సంగతే చెప్తాను ఆయనకి. అదృష్టం కొద్దీ 150 ఉన్నాయి, అయిపోతే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టొచ్చు.

నిజాయితీగా ప్రార్థన చేస్తే అడిగింది దొరుకుతుందని నేను చెప్పడం లేదు. నా అనుభవంలో దొరికింది ఒకటే: దేవుడి ముందు కూర్చున్నప్పుడు అక్కడ కూర్చున్నది నేనే. అంతకుముందు నా బదులు ఒక మంచి మనిషిని తయారు చేసి పంపేవాణ్ణి. ఆయన ఆ మనిషిని ఏం బాగుచేస్తాడు, లేనివాణ్ణి?

అన్నట్టు, మా అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. ఊరి నుంచి వచ్చాక ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో ధైర్యం చేసి అన్నాను: "ప్రభువా, పొలం విషయంలో అన్నయ్య మీద నాకింకా కొంచెం కోపముంది. తగ్గడంలేదు. నువ్వే తగ్గించు. అన్నయ్యను దీవించు." మా ఆవిడ కళ్లు తెరిచి నావైపు చూసింది. గదిలో కాసేపు చప్పుడు లేదు. అప్పుడు మా అమ్మాయి, కళ్లు గట్టిగా మూసుకునే, అందుకుంది: "ప్రభువా, మా లెక్కల టీచరంటే నాకస్సలు ఇష్టం లేదు. హోంవర్కు కూడా చెయ్యలేదు. ఆమెన్."

ఆ రాత్రి ప్రార్థన అరగంట పట్టింది. తర్వాత హోంవర్కు చేయించడానికి ఇంకో గంట.